ఏఎన్ఏ పాజిటివ్ అంటే లూపస్సేనా? మన ఒంటి మీద మన యాంటీబాడీలే ఎందుకు?

ముందు ప్రశ్న ఏంటో ఒకసారి చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. అడిగినాయన వాళ్లక్కకి 29 ఏళ్లు. రెండు నెలల క్రితం జ్వరం వచ్చి తగ్గింది, అప్పట్నుంచి మోకాళ్లు, మణికట్లు నొప్పులు, జుట్టు కూడా బాగా రాలుతోంది. ఎవరో ఏఎన్ఏ టెస్ట్ (కణం కేంద్రకానికి అతుక్కునే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయేమో చూసేది) రాస్తే "పాజిటివ్, 1:100, స్పెకిల్డ్, 1+" అని వచ్చింది. నెట్‌లో వెతికితే లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన మీదే తిరగబడే జబ్బు) అని కనబడింది, అమ్మగారు రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు, పైగా సంబంధాలు చూస్తున్న టైమ్. ఆయన అడిగినవి రెండు. ఇది లూపస్సేనా అని ఒకటి. రెండోది, మన ఒళ్లు తన మీద తనే యాంటీబాడీలు ఎందుకు చేసుకుంటుంది, వాటివల్ల ఏమన్నా ఉపయోగం ఉందా లేక అన్నీ చెడ్డవేనా అని. ఈ రెండో ప్రశ్న మా దగ్గరికి వచ్చేవాళ్లు మామూలుగా అడగరు, అందుకే ఇంత పెద్ద సమాధానం రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

నేను రుమటాలజిస్ట్‌ని, అంటే కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టర్‌ని, 16 ఏళ్లుగా ఇదే పని. అంతకుముందు రెండేళ్లు ఇమ్యునాలజీ ల్యాబ్‌లో ఈ ఏఎన్ఏ స్లైడ్‌లే చదివేవాణ్ణి.

సూటిగా చెప్తా: మీరు రాసిన దాన్ని బట్టి ఇది లూపస్ అనడానికి ఏమాత్రం సరిపోదు. 1:100 అనేది చాలా తక్కువ, ఆరోగ్యంగా తిరిగేవాళ్లలో కూడా బోలెడు మందికి వస్తుంది. అలాగని రిపోర్ట్ చింపి పడేయమని కాదు, ఒక మూత్ర పరీక్ష, ఒకట్రెండు రక్త పరీక్షలు చేయించాలి, అవేంటో చివర్లో రాస్తా. ఇక రెండోదానికి జవాబు: ఆటోయాంటీబాడీలు, అంటే మన సొంత సరుకుకే అతుక్కునే యాంటీబాడీలు, మీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి, ఇది చదువుతున్న అందరికీ ఉన్నాయి. "ఉన్నాయా లేవా" అని అడిగితే లాభం లేదు, ఉన్నవి ఏం చేస్తున్నాయి అని అడగాలి.

అసలు ఆ టెస్ట్ ఎలా చేస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాలు గాజు పలక మీద అంటించి ఉంటాయి, హెప్-2 అంటారు వాటిని. మీ అక్క రక్తంలోంచి తీసిన సీరమ్‌ని పలచన చేసి వాటి మీద పోస్తారు. ఆ సీరమ్‌లో కణం కేంద్రకానికి అతుక్కునే యాంటీబాడీలుంటే అతుక్కుంటాయి, మిగతాది కడిగేసి, ఆకుపచ్చగా మెరిసే రంగు పట్టించి చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద చూస్తారు. 1:100 అంటే వంద రెట్లు పలచన చేసినా ఇంకా కాస్త మెరిసింది అని. మజ్జిగలో నీళ్లు కలుపుతూ పోతే ఎక్కడో ఒకచోట పులుపు తెలియడం మానేస్తుంది చూడండి, అట్లా. కొన్నిటికి నాలుగు గ్లాసులకే పులుపు పోతుంది, కొన్నిటికి బిందెడు నీళ్లు పోసినా పోదు. 1:1280, 1:2560 అని వచ్చేవాళ్లు ఆ రెండో రకం. మీ అక్కది చాలా ల్యాబ్‌లలో అసలు మొట్టమొదటి పలచన, అక్కడ "1+" అంటే చూసేవాడి కన్ను కొద్దిగా అటూ ఇటూ అయితే నెగటివ్ అని రాసేసేవాడే. నేనే రాసుంటా కొన్నిసార్లు.

1997లో చాలా దేశాల ల్యాబ్‌లు కలిసి ఆరోగ్యవంతుల రక్తం మీద ఈ పరీక్ష చేసి చూశాయి. 1:40 దగ్గర 31.7 శాతం మందికి పాజిటివ్, 1:80 దగ్గర 13.3 శాతం, 1:160 దగ్గర 5 శాతం, 1:320 దగ్గర కూడా 3.3 శాతం. వీళ్లెవరికీ జబ్బు లేదు. ఇప్పుడు చిన్న లెక్క వేయండి. లక్ష మందిని పట్టుకుని అందరికీ 1:80 దగ్గర టెస్ట్ చేస్తే 13 వేల మందికి వెలుగుతుంది. అదే లక్షమందిలో లూపస్ ఉన్నవాళ్లు పదుల్లో ఉంటారు. ఆ పదుల మంది కోసం 13 వేల ఇళ్లల్లో అమ్మలు అన్నం మానేయాలా?

మా ల్యాబ్‌లో కొత్త బ్యాచ్ కిట్లు వచ్చినప్పుడు మా రక్తం మేమే ఇచ్చి చూసుకునేవాళ్లం. ఒకసారి 11 మందిమి ఇస్తే ఇద్దరికి వెలిగింది. ఒకరు మా టెక్నీషియన్ అమ్మాయి, ఏకంగా 1:160. ఆ రోజంతా ఏడ్చింది. ఆమెకిప్పుడు ఇద్దరు పిల్లలు, నిరుడు కనబడితే "సార్ నా లూపస్ ఇంకా రాలేదు" అని నవ్వింది. రెండో మనిషి నేను.

సరే, ఎందుకు తయారవుతాయి అన్న విషయానికొద్దాం. మన ఎముక మజ్జలో బీ కణాలు పుడతాయి, యాంటీబాడీలు చేసేది ఇవే. రేపు ఏ క్రిమి వస్తుందో శరీరానికి ముందుగా తెలీదు కాబట్టి అది జీన్ ముక్కల్ని పేకముక్కల్లా కలిపి లెక్కలేనన్ని రకాల యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. గుడ్డిగా కలిపినప్పుడు వాటిలో కొన్ని మన సొంత సరుకుకే అతుక్కునేవి వస్తాయి, తప్పదు. కొన్ని అంటే ఏదో ఒకటీ అరా అనుకోకండి, న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్లు 2003లో చూస్తే అప్పుడే పుట్టిన బీ కణాల్లో సగానికి పైగా, 55 నుంచి 75 శాతం దాకా ఇలాంటివే. వాటిని అక్కడికక్కడే చంపడమో, రిసెప్టర్ (కణం పైన ఉండే, అతుక్కునే భాగం) మార్పించడమో, జోకొట్టి నిద్రపుచ్చడమో చేస్తుంది శరీరం. ఇన్ని వడపోతలయ్యాక కూడా రక్తంలో తిరిగే పెద్ద బీ కణాల్లో సుమారు ఐదో వంతు ఇంకా మన మీదకి కాస్తో కూస్తో అతుక్కునేవే.

నేను చదువుకునే రోజుల్లో ఇది శరీరం చేతగానితనం అనుకునేవాణ్ణి. జల్లెడకి చిల్లు పడింది అని. కానీ అది పూర్తి నిజం కాదు, వీటిని కావాలనే కొంత ఉంచుకుంటుంది, ఎందుకంటే వీటికి పనుంది.

రోజూ మన ఒంట్లో వేల కోట్ల కణాలు చనిపోతాయి. ఆ చెత్తంతా ఎవరు ఎత్తాలి? చచ్చిపోతున్న కణం పైపొరలో కొన్ని కొవ్వు పదార్థాలు బయటికి కనబడతాయి, వాటికి అతుక్కునే ఐజీఎం రకం యాంటీబాడీలు మనకి పుట్టుకతోనే వచ్చే సామానులో భాగం. సహజ యాంటీబాడీలు అంటాం వీటిని. ఏ ఇన్ఫెక్షనూ రాకుండానే, ఏ టీకా వేయకుండానే ఉంటాయి. గట్టిగా పట్టుకోవు, మెత్తగా పట్టుకుంటాయి, కానీ ఒక్కోటి రకరకాల వాటిని పట్టుకుంటుంది. చచ్చిన కణానికి ఇవి గుర్తు పెడితే చెత్త తినే కణాలు వచ్చి గొడవ చేయకుండా, మంట పుట్టించకుండా తినేసి వెళ్లిపోతాయి. విచిత్రం ఏంటంటే ఐజీఎం బయటికి వదల్లేకుండా జీన్ మార్చిన ఎలుకల్లో ఆటోఇమ్యూనిటీ తగ్గలేదు, లూపస్ లాంటి జబ్బు ఇంకా త్వరగా, ఇంకా ఎక్కువగా వచ్చింది. అంటే ఒక రకం ఆటోయాంటీబాడీ లేకపోతే ఇంకో రకం ఆటోయాంటీబాడీలు పెచ్చుమీరతాయి! చెత్త ఎత్తకపోతే అది కుళ్లుతుంది, కుళ్లిన చెత్తలోంచి బయటపడ్డ డీఎన్ఏని చూసి లోపలి కాపలాదార్లు కంగారుపడతారు, అక్కడ మొదలవుతుంది అసలు రచ్చ.

ఇంకోటి చూడండి. ఈ సహజ యాంటీబాడీల్లో బాగా పేరున్న ఒక రకం ఫాస్ఫోరిల్ కోలిన్ అనే అణువుని పట్టుకుంటుంది. ఆ అణువు చెడిపోయిన కొలెస్ట్రాల్ కణాల మీదా, చచ్చిపోతున్న మన కణాల మీదా కనబడుతుంది, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా గోడ మీద కూడా ఉంటుంది. కాబట్టి పొద్దున ఇల్లు ఊడ్చే చీపురే రాత్రి దొంగొస్తే కర్రలా పనికొస్తుంది. "కంచే చేను మేసింది" అని ఆటోయాంటీబాడీల గురించి మాట్లాడేవాళ్లంతా అంటారు, మా ప్రొఫెసర్లు కూడా అనేవాళ్లు, నాకు మాత్రం ఆ సామెత సగమే సరిపోతుందనిపిస్తుంది.

మీలో చాలామందికి తెలిసిన "ఆర్ఏ ఫ్యాక్టర్" కూడా ఇంతే. అది కీళ్లవాతం కోసం పుట్టింది కాదు. వేరే యాంటీబాడీ తోకని పట్టుకునే యాంటీబాడీ అది. క్రిమికి అతుక్కున్న యాంటీబాడీలన్నిటినీ కలిపి పెద్ద ఉండలా చేస్తే త్వరగా తీసి పారేయొచ్చు, అందుకే ఇన్ఫెక్షన్ ఎక్కువ కాలం నడిస్తే అది పెరుగుతుంది. టీబీ, కుష్టు, హెపటైటిస్ సీ, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, వీటన్నిట్లో ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వస్తుంది. 2005-06లో చికున్‌గున్యా మన దగ్గర ఊళ్లకి ఊళ్లని మంచాన పడేసింది గుర్తుందా, అలాంటి జ్వరాల తర్వాత నెలల తరబడి కీళ్లు పట్టేసి, ఎక్కడో ఆర్ఏ ఫ్యాక్టర్ చేయించుకుని, "మీకు జీవితాంతం మందులే" అని చెప్పించుకుని వచ్చినవాళ్లని తర్వాత కూడా చాలామందిని చూశా. ఆరు నెలలు ఆగితే చాలామందికి నొప్పులూ పోయాయి, భయమూ పోయింది. మీ అక్కకి కూడా జ్వరం తర్వాతే మొదలైంది అన్నారు, అది ఏం జ్వరమో ఎవరన్నా టెస్ట్ చేశారా? రాయలేదు మీరు.

హెచ్ఐవీ సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. చాలా రకాల హెచ్ఐవీ వైరస్‌లని అడ్డుకోగల అరుదైన యాంటీబాడీలు కొన్ని ఉన్నాయి. 2005లో వాటిలో రెండింటిని పరీక్షిస్తే మన సొంత కొవ్వు పదార్థమైన కార్డియోలిపిన్‌కి కూడా అతుక్కుంటున్నాయి. అంటే వైరస్ మన సరుకులా వేషం వేసుకుంది, దాన్ని కొట్టాలంటే మన సరుకుని కూడా కొద్దిగా కొట్టే యాంటీబాడీ కావాలి, కానీ అలాంటివాటిని శరీరం మొదట్లోనే ఏరిపారేస్తుంది. టీకా తయారీ ఇంత కష్టమవ్వడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. తర్వాత లూపస్ ఉండి హెచ్ఐవీ సోకిన ఒక మనిషిలో అలాంటి శక్తివంతమైన యాంటీబాడీ దొరికింది, అది డీఎన్ఏకి కూడా అతుక్కుంటోంది. సొంతం, పరాయి అని మనం గీత గీసుకున్నాం గానీ లోపల ఆ గీత అంత తిన్నగా లేదు.

మరి జబ్బు ఎప్పుడు? పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1900 ప్రాంతంలో శరీరం తనని తాను విషంతో కొట్టుకోవడానికి భయపడుతుంది, అలా జరగనివ్వదు అన్న అర్థంలో ఒక లాటిన్ మాట వాడాడు. జనం దాన్ని "అసలు జరగనే జరగదు" అని పట్టుకున్నారు. 1904లోనే వియన్నాలో డొనాత్, లాండ్‌స్టైనర్ (మన బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనరే) చలికి మూత్రం ఎర్రగా అయ్యే ఒక జబ్బులో రోగి సొంత యాంటీబాడీయే తన ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతోందని చూపించారు. అయినా యాభై ఏళ్ల దాకా పెద్దగా ఎవరూ నమ్మలేదు.

నమ్మించినవాళ్లలో నాకు బాగా ఇష్టమైనవాడు విలియం హారింగ్టన్. 1950, అమెరికాలో సెయింట్ లూయిస్. ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీ జబ్బున్న ఒక పేషెంట్ రక్తం అర లీటరు తనకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లో ఆయన ప్లేట్‌లెట్లు అడుక్కి పోయాయి, ఒళ్లంతా మచ్చలొచ్చాయి, ఫిట్స్ కూడా వచ్చింది. కొన్ని రోజులకి కోలుకున్నాడు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా, కానీ జబ్బు మజ్జలో లేదు రక్తంలో తిరిగే ఏదో పదార్థంలో ఉంది అని అంత సూటిగా ఇంకెవరూ చూపించలేదు.

అదే ప్రయోగం ప్రకృతి మన కళ్లముందే చేస్తుంటుంది. ఐజీజీ అనే రకం యాంటీబాడీలు మావిని దాటి బిడ్డలోకి వెళ్తాయి. తల్లికి మయస్థీనియా ఉంటే (కండరం మీద ఉండే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ని యాంటీబాడీలు మూసేసే జబ్బు, సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి, అన్నం నమలలేరు) కొందరు బిడ్డలు పుట్టగానే పాలు చీకలేరు, గట్టిగా ఏడవలేరు. కొన్ని వారాల్లో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ అరిగిపోతుంది, బిడ్డ పూర్తిగా మామూలైపోతుంది. బిడ్డకి జబ్బు లేదు, అరువు తెచ్చుకున్న యాంటీబాడీ ఉంది, అంతే. గ్రేవ్స్ థైరాయిడ్‌లో దీనికి రివర్స్, అక్కడ యాంటీబాడీ రిసెప్టర్‌ని మూసేయదు, స్విచ్ నొక్కి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది, థైరాయిడ్ ఆగకుండా పనిచేస్తూ పోతుంది.

అందుకే ఆటోయాంటీబాడీలన్నీ ఒక గాటన కట్టకూడదు. మయస్థీనియాలోలాగా కొన్ని తామే నేరస్థులు. థైరాయిడ్‌లో యాంటీ టీపీఓ లాంటివి ఎక్కువగా సాక్షులు, అక్కడ టీ కణాలు (రక్షణ వ్యవస్థలో ఇంకో రకం కణాలు) గ్రంథిని కొడుతుంటే ఇవి పక్కన కనబడతాయి (టీపీఓ పాజిటివ్ కూడా సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది, టీఎస్‌హెచ్ బాగుంటే దానికి మందేమీ అక్కర్లేదు). ఇంకొన్ని దారిన పోయేవి, మీ అక్కది బహుశా ఇలాంటిదే. ముగ్గురినీ ఒకే జైలు గదిలో వేస్తే ఎట్లా?

ఇప్పుడు మీకు వచ్చే అనుమానం నాకు తెలుసు. "ఇప్పుడు జబ్బు లేదు సరే, రేపు వస్తే?" నిజమే, 2003లో ఒక మంచి పరిశోధన వచ్చింది. అమెరికా సైన్యం తమ సైనికుల సీరమ్‌ని ఏళ్ల తరబడి ఫ్రీజర్లలో దాచి ఉంచుతుంది. తర్వాత లూపస్ వచ్చిన 130 మంది పాత నమూనాలు బయటికి తీసి చూస్తే 88 శాతం మందికి జబ్బు బయటపడకముందే ఏదో ఒక ఆటోయాంటీబాడీ ఉంది, కొందరికి తొమ్మిదేళ్ల ముందు నుంచే. ఇది చదివి భయపడే ముందు దాన్ని ఏ వైపు నుంచి చదవాలో చూడండి. లూపస్ వచ్చినవాళ్లలో చాలామందికి ముందే యాంటీబాడీ ఉంది, నిజం. యాంటీబాడీ ఉన్నవాళ్లలో చాలామందికి లూపస్ వస్తుందని మాత్రం ఇది చెప్పట్లేదు. కలెక్టర్లంతా డిగ్రీ చదివినవాళ్లే, డిగ్రీ చదివినవాళ్లంతా కలెక్టర్లు అయ్యారా? పైగా ఆ సైనికుల్లో ఒక క్రమం ఉంది, ఏఎన్ఏ, రో లాంటివి చాలా ముందే కనబడ్డాయి, యాంటీ స్మిత్, ఆర్ఎన్‌పీ లాంటివి జబ్బు దగ్గరపడ్డాకే వచ్చాయి (ఇవన్నీ ఆటోయాంటీబాడీల రకాల పేర్లే). ఒక యాంటీబాడీ నుంచి పది రకాలకి విస్తరించడం ప్రమాద సూచన, ఒక్కటే మసకగా ఉండటం కాదు.

రెండో ప్రశ్నకి అసలైన జవాబు నాకైతే 2020లో దొరికింది, అందుకని కాస్త వివరంగా రాస్తా. కోవిడ్ టైమ్‌లో మనందరికీ ఒక ప్రశ్న ఉండేది, ఒకే ఇంట్లో ఒకే వయసు ఇద్దరికి వస్తే ఒకరు జలుబుతో బయటపడ్డారు, ఇంకొకరు వెంటిలేటర్ మీదకి వెళ్లారు, ఎందుకు? చాలా దేశాల వాళ్లు కలిసి ప్రాణాపాయ న్యుమోనియా వచ్చిన 987 మందిని పరీక్షిస్తే 101 మంది రక్తంలో టైప్ 1 ఇంటర్‌ఫెరాన్‌ని పనిచేయకుండా చేసే ఆటోయాంటీబాడీలు దొరికాయి. లక్షణాలు లేని, లేదా తేలిగ్గా పోయిన 663 మందిలో ఒక్కరికి కూడా లేవు. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు.

ఇంటర్‌ఫెరాన్ అంటే ఊళ్లో దండోరా లాంటిది. వైరస్ సోకిన మొదటి కణం డప్పు కొట్టి "తలుపులేసుకోండి" అని చుట్టుపక్కల కణాలకి చెప్తుంది. ఈ యాంటీబాడీలు వైరస్‌నీ కొట్టవు, ఊపిరితిత్తినీ కొట్టవు, నిశ్శబ్దంగా ఆ డప్పు లాగేసుకుంటాయి. డప్పు వినబడని ఊళ్లో వైరస్ ఇంటింటికీ తిరుగుతుంది. కోవిడ్ వల్ల ఇవి పుట్టలేదు, ముందు నుంచే ఉన్నాయి, ఆ మనుషులకి అప్పటిదాకా తెలీదు. 2021లో ఇంకా పెద్ద లెక్క వచ్చింది, చనిపోయినవాళ్లలో ఐదో వంతు మందికి ఇలాంటివి ఉన్నాయి. మామూలు జనంలో 70 ఏళ్లలోపు వాళ్లకి వెయ్యిమందిలో ఇద్దరికి, 80 దాటినవాళ్లలో వందకి ముగ్గురు నలుగురికి. ముసలివాళ్లు ఎక్కువ పోవడానికి షుగర్, గుండె జబ్బు ఒక్కటే కారణం కాదన్నమాట.

నిజానికి ఏఐఆర్ఈ అనే జీన్ పాడైన పిల్లల్లో ఈ ఇంటర్‌ఫెరాన్ యాంటీబాడీలు ఉంటాయని అంతకుముందే తెలుసు. అట్లాగే 2012లో థాయ్‌లాండ్, తైవాన్‌లలో హెచ్ఐవీ లేకుండానే హెచ్ఐవీ ఉన్నవాళ్లకి వచ్చినట్టు ఇన్ఫెక్షన్లు వస్తున్న పెద్దవాళ్లని చూస్తే వాళ్లలో చాలామందికి ఇంటర్‌ఫెరాన్ గామా (ఇంకో రకం ఇంటర్‌ఫెరాన్) మీద యాంటీబాడీలు ఉన్నాయి. టీబీకి చుట్టాలైన మైకోబాక్టీరియాలు వాళ్లని వదలవు. మన దగ్గర మెడలో గడ్డలంటే ముందు టీబీయే అనుకుంటాం, చాలాసార్లు కరెక్టే, కానీ మందులు సరిగ్గా వాడినా మళ్లీ మళ్లీ వస్తుంటే, కల్చర్‌లో టీబీ కాని మైకోబాక్టీరియా వస్తుంటే డాక్టర్లు దీన్ని గుర్తు తెచ్చుకోవాలి. ఇక్కడ వింత గమనించండి, ఇవి ఆటోయాంటీబాడీలే గానీ పైకి కనిపించే జబ్బు ఇన్ఫెక్షన్. ఈ మనిషికి ఏఎన్ఏ చేస్తే నెగటివ్ రావచ్చు కూడా! ఆ టెస్ట్ కేంద్రకం, కణం లోపలి సరుకు కోసం చేసేది, డప్పు దొంగని అది పట్టుకోదు.

నా దగ్గరికొచ్చిన రెండు కేసులు చెప్తా, వివరాలు కొంచెం మార్చి.

ఒకావిడ మూడో గర్భం, ముందు రెండూ పోయాయి. మామూలుగా చేసే వీడీఆర్ఎల్ టెస్ట్ "రియాక్టివ్" అని వచ్చింది. అది సిఫిలిస్ టెస్ట్ అని ఎవరో చెప్పారు, ఇక ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోండి, పంచాయితీ దాకా వెళ్లింది. అసలు సంగతేంటంటే వీడీఆర్ఎల్‌లో వాడేది సిఫిలిస్ క్రిమి కాదు, కార్డియోలిపిన్ అనే కొవ్వు, ఆవిడకి దాని మీద సొంత యాంటీబాడీలున్నాయి. సిఫిలిస్‌ని సూటిగా చూసే టీపీహెచ్ఏ నెగటివ్. యాంటీ ఫాస్ఫోలిపిడ్ టెస్టులు పాజిటివ్, 12 వారాల తర్వాత మళ్లీ చేసినా పాజిటివ్ (ఈ 12 వారాల గ్యాప్ తప్పనిసరి, ఇన్ఫెక్షన్ల తర్వాత ఊరికే వచ్చి పోతుంటాయి ఇవి). గర్భాలు పోవడానికి కారణం అదే, రక్తం గడ్డకట్టి మావికి అందకపోవడం. ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి) ఆడపిల్ల పుట్టింది. ఒక్క రిపోర్ట్ తప్పుగా చదవడం వల్ల కాపురం పోయేది, అదే రిపోర్ట్ సరిగ్గా చదివితే బిడ్డ దక్కింది.

రెండోది డిగ్రీ చదివే అమ్మాయి. వారం రోజులు నిద్ర లేదు, తనలో తనే మాట్లాడుకోవడం, ఎవరో పిలుస్తున్నారని అరవడం, ఊళ్లో గాలి సోకిందని తాయెత్తులు కట్టించారు, తర్వాత మానసిక వైద్యం, ఆ తర్వాత ఫిట్స్ వస్తే గానీ న్యూరాలజీకి రాలేదు. వెన్నునీటిలో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ (మెదడు కణాల మీద ఉండేది) యాంటీబాడీలు. 2007లోనే ప్రపంచానికి తెలిసిన జబ్బు ఇది. స్కాన్‌లో అండాశయంలో చిన్న గడ్డ, అలాంటి గడ్డలో మెదడు కణజాలం లాంటిది కూడా ఉంటుంది, దాని మీద లేచిన యాంటీబాడీలు అసలు మెదడు మీదకి వెళ్లాయి. గడ్డ తీసేసి, స్టెరాయిడ్లు, ఐవీఐజీ ఇచ్చాక నాలుగు నెలలకి మనిషైంది, సప్లిమెంటరీ రాసి పాసైంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే నేను పైన రాసిందంతా చదివి "ఆటోయాంటీబాడీ టెస్టులన్నీ దండగ" అనుకోకండి. సరైన మనిషికి సరైన టెస్ట్ ప్రాణం నిలబెడుతుంది, జుట్టు రాలుతోందని అందరికీ ఏఎన్ఏ రాస్తేనే సమస్య.

అన్నట్టు ఆ ఐవీఐజీ అంటే ఏంటో తెలుసా, వేలమంది ఆరోగ్యవంతుల ప్లాస్మా కలిపి తీసిన యాంటీబాడీలు. వాటిలో వాళ్ల సహజ ఆటోయాంటీబాడీలు కూడా ఉంటాయి. ఆటోయాంటీబాడీల జబ్బుకి మందు కూడా అలాంటి బాటిల్లోంచే.

ఇక మీ అక్క విషయం. ఏఎన్ఏ మళ్లీ చేయించకండి, ఇంకో ల్యాబ్‌లో 1:80 వస్తుంది, ఇంకోచోట నెగటివ్, డబ్బులు దండగ, కంగారు ఎక్కువ. ముందు మామూలు మూత్ర పరీక్ష, అందులో ప్రొటీన్, రక్తకణాలు ఉన్నాయేమో చూడాలి. లూపస్ నొప్పి లేకుండా కిడ్నీని తినగలదు కాబట్టి నేను మొదట చూసేది అదే, చవకైన టెస్ట్ కూడా. దాంతోపాటు సీబీసీ, క్రియాటినిన్, బీపీ. నొప్పులతో పాటు కీళ్లు నిజంగా వాచాయా, పొద్దున లేచాక అరగంటకి మించి బిగుసుకుని ఉంటున్నాయా? ఎండకి వెళ్తే ముఖం మీద ఎర్రటి దద్దుర్లు, నోట్లో నొప్పిలేని పుళ్లు, ఊపిరి పీలిస్తే ఛాతీ నొప్పి, చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారడం ఉన్నాయా? వీటిలో ఏదన్నా ఉంటే, లేదా మూత్రంలో తేడా ఉంటే, అప్పుడు డీఎస్-డీఎన్ఏ, ఈఎన్ఏ ప్రొఫైల్, సీ3, సీ4 చేయించాలి, దగ్గర్లో రుమటాలజిస్ట్‌కి చూపించాలి. అప్పుడు టైటర్ (ఆ 1:100 లాంటి పలచన లెక్క) తక్కువని ఊరుకోకూడదు. 2019లో పెట్టిన అంతర్జాతీయ ప్రమాణాల్లో కూడా 1:80 ఏఎన్ఏ అనేది గేటు మాత్రమే, దానికి ఒక్క పాయింట్ కూడా రాదు, లోపలికి వెళ్లాక మిగతా లక్షణాలతో 10 పాయింట్లు రావాలి.

ఏవీ లేకపోతే? జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలడం చాలా మామూలు, దానంతట అదే ఆగుతుంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ చూపించండి, మన ఆడవాళ్లలో సగం సమాధానాలు అక్కడే దొరుకుతాయి. ఒక జాగ్రత్త, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే థైరాయిడ్ టెస్ట్‌కి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే కొన్ని మెషిన్లలో లేని థైరాయిడ్ జబ్బు కూడా ఉన్నట్టు చూపిస్తుంది. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ వాడుతున్నా ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది, అదీ అడగండి.

దయచేసి రిపోర్ట్ చూసి స్టెరాయిడ్ మొదలుపెట్టకండి. ఊళ్లో ఎవరన్నా "ఇమ్యూనిటీ తేడా, ఇది వేసుకో" అని తెల్ల మాత్రలు ఇస్తే నొప్పులు రెండ్రోజుల్లో మాయమవుతాయి, అందరూ సంతోషిస్తారు, తర్వాత మా దగ్గరికి వచ్చేసరికి ఏది జబ్బో ఏది మందు వల్ల వచ్చిందో తేల్చలేక చస్తాం. ఇమ్యూనిటీ పెంచే పొడులూ అంతే, పైన చదివారు కదా, లోపల పెంచాల్సినవీ తగ్గించాల్సినవీ కలిసే ఉన్నాయి, మీ పొడి ఏది పెంచుతుందో ఆ డబ్బా మీద రాసి ఉండదు.

పెళ్లి సంగతి అడక్కుండా ఉండలేరు కాబట్టి చెప్తున్నా, ఈ 1:100 గురించి సంబంధం వాళ్లకి చెప్పాల్సిన పనేమీ లేదు, ఇది జబ్బు కాదు. ఒకవేళ ఈఎన్ఏ చేయాల్సి వచ్చి అందులో "రో" పాజిటివ్ వస్తే అది మాత్రం గర్భం ప్లాన్ చేసుకునే ముందు గైనకాలజిస్ట్‌కి చెప్పాలి. ఆ యాంటీబాడీ ఉన్న తల్లుల బిడ్డల్లో వందకి సుమారు ఇద్దరికి గుండె కొట్టుకునే లయ దెబ్బతింటుంది. ముందే తెలిస్తే 16 వారాల నుంచి స్కాన్‌లతో కనిపెట్టుకుని ఉండొచ్చు. మిగతా 98 మంది బిడ్డల గుండెకి ఏమీ కాదు.

నిజంగా లూపస్సే అని తేలినా ఇది 1980ల నాటి పరిస్థితి కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందుతో ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని కంటూ ఉన్నవాళ్లు నా ఓపీలో వందల్లో ఉన్నారు. జర్మనీలో ఎర్లాంగెన్‌లో అన్ని మందులకీ లొంగని కొద్దిమందికి కార్-టీ అనే కణ చికిత్సతో బీ కణాలన్నిటినీ తుడిచేశారు, కొన్ని నెలలకి బీ కణాలు మళ్లీ పుట్టాయి గానీ డీఎన్ఏ మీది యాంటీబాడీలు తిరిగి రాలేదు, పాత టీకాల యాంటీబాడీలు మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి. ఇంకా తొలి రోజులే, ఖర్చు మన ఊహకి అందదు.

మూత్ర పరీక్ష రేపే చేయించండి, పొద్దున మొదటి మూత్రం అయితే మంచిది, నెలసరి టైమ్‌లో వద్దు. రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెట్టండి, పేరూ ఫోన్ నంబరూ చెరిపేసి పెట్టండి, చూసి చెప్తా. ఆ జ్వరం ఏంటో కూడా రాయండి. అమ్మగారికి ముందు అన్నం పెట్టండి.